త్రికూటాచల మార్గం: కుర్తాళం కొండదారి చరిత్ర

దక్షిణ భారతంలోని పుణ్యతీర్థాలలో కొన్నింటిని నది పేరుతోనూ, కొన్నింటిని కొండ పేరుతోనూ స్మరించడం పరిపాటి. తమిళనాడులోని కుర్తాళానికి ఈ రెండు గుర్తింపులూ ఉన్నాయి. తమిళులు దీనిని తిరుక్కుట్రాలం అంటారు. స్థలపురాణంలో ఇది త్రికూటాచలం. మూడు శిఖరాల కొండ కనుక ఆ పేరు వచ్చింది. త్రికూటమనగానే తెలుగు పాఠకులకు పోతనామాత్యుని గజేంద్రమోక్షణ ఘట్టం స్ఫురించడం సహజం. అది పురాణ ప్రసిద్ధమైన పర్వతం. ఇది పడమటి కనుమల తూర్పు అంచున, తెన్‌కాశి పట్టణానికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో నిలిచిన కొండ. మౌనస్వామి స్థాపించిన సిద్ధేశ్వరీ పీఠం వల్ల కూడా కుర్తాళం పేరు ఆంధ్ర దేశంలో సుపరిచితమే. చిరకాలం తిరునెల్వేలి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2019 నవంబరులో ఏర్పడిన తెన్‌కాశి జిల్లాలో చేరింది.

కుర్తాళాన్ని దర్శించేవారిలో అత్యధికులు కొండ అడుగున ఉన్న పెద్ద జలపాతంలో స్నానం చేసి, ఆలయాన్ని దర్శించి తిరిగి వెళతారు. అయితే ఆ జలపాతం అనేక సోపానాలలో చివరిది మాత్రమే. దాని పక్క నుండి అడవిలోకి ఒక నిటారైన కాలిబాట బయలుదేరుతుంది. సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కితే సంపెంగ జలపాతం వస్తుంది. ఇంకా పైకి మరో మూడు కిలోమీటర్లు పోతే తేనె జలపాతం కనిపిస్తుంది. తమిళంలో ఇవి శెణ్బగ అరువి, తేన్ అరువి. ఈ కొద్దిపాటి దూరంలో యాత్రికులు, కవులు, వేటగాళ్లు, తేనె సేకరించేవారు, తోటల యజమానులు, వృక్షశాస్త్రవేత్తలు, అటవీ అధికారులు వేర్వేరు కాలాలలో వేర్వేరు ప్రయోజనాలతో తిరిగారు. కొండను ఎవరు, ఎంతవరకు, ఎందుకు ఎక్కవచ్చుననే ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం చెప్పింది. ఆ సమాధానాల పరంపరే ఈ దారి చరిత్ర.

కొండ అడుగున

కుర్తాళానికి నీరు వచ్చే తీరు దాని భౌగోళిక స్థితిలోనే ఉంది. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డగించడం వల్ల వాటికి తూర్పున ఉన్న మైదానాలకు ఆ వర్షం అంతగా అందదు. అయితే శెంకోట్ట సమీపంలో, ఆర్యంకావు వద్ద ఈ పర్వతపంక్తిలో ఒక కనుమ తెరుచుకుని ఉంది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కేరళ వైపు వర్షించే మేఘాలు ఈ సందు గుండా కొంత తేమను ఇవతలికి చేరవేస్తాయి. చల్లని గాలితో కలిసి తుంపర్లుగా పడే ఈ వానను తమిళులు సారల్ అంటారు. తక్కిన తిరునెల్వేలి సీమ ఎండతో మాడే రోజులలో కుర్తాళం జలపాతాలు నిండుగా ప్రవహించడానికి కారణం ఇదే. ఈ నీరు చిత్తార్ నదిగా మారి, ఆనకట్టల ద్వారా తెన్‌కాశి పరిసరాల వరిపొలాలను తడిపి, శీవలప్పేరి వద్ద తామ్రపర్ణిలో కలుస్తుంది.

పెద్ద జలపాతం ఎత్తు సుమారు 60 మీటర్లు. నీరు ఒక్క ధారగా నేలను తాకదు. మధ్యలో ఒక లోతైన రాతి తొట్టిలో పడి, అక్కడ పొంగి, వేగం తగ్గి కిందికి దిగుతుంది. ఈ తొట్టిని పొంగుమా కడల్ అని వ్యవహరిస్తారు. అంత ఎత్తు నుండి దూకే నీటి కింద సామాన్యులు నిలబడి స్నానం చేయగలగడం ఈ రాతి నిర్మాణం వల్లనే సాధ్యమయింది. తీర్థంగా కుర్తాళం పొందిన ఖ్యాతికి ప్రకృతి చేసిన ఉపకారం ఇది.

జలపాతం చెంతనే కుట్రాలనాథుని ఆలయం ఉంది. ప్రాకారం శంఖాకృతిలో ఉండడం వల్ల దీనిని శంఖాలయమనీ అంటారు. ఒకప్పుడు వైష్ణవాలయమైన దీనిని అగస్త్యుడు శైవక్షేత్రంగా మార్చాడని స్థలపురాణ కథనం. ఏడవ శతాబ్దానికి చెందిన తిరుజ్ఞాన సంబంధర్ ఈ క్షేత్రం మీద, ఇక్కడి స్థలవృక్షమైన పనస మీద వేర్వేరుగా పదికాలు గానం చేశాడు. ఒక చెట్టుకు ప్రత్యేకంగా స్తుతి లభించడం గమనార్హం. ఆలయంలో చోళ, పాండ్య శాసనాలు ఉన్నాయి. సమీపంలోని చిత్రసభ నటరాజు నర్తించిన ఐదు సభలలో ఒకటి. చిదంబరంలో కనకసభ, మదురైలో రజతసభ, తిరునెల్వేలిలో తామ్రసభ, తిరువాలంగాడులో రత్నసభ ఉండగా, ఇక్కడ గోడలపై చిత్రించిన వర్ణచిత్రాలే సభకు పేరు తెచ్చాయి. పదిహేనవ శతాబ్దంలో పాండ్యులు తెన్‌కాశిని రాజధానిగా చేసుకుని, అక్కడ కాశీ విశ్వనాథుని ఆలయాన్ని నిర్మించిన తరువాత కుర్తాళానికి రాజాశ్రయం మరింత చేరువయింది.

ఎరుకలసాని చెప్పిన కొండ

ఆలయం చుట్టూ అల్లుకున్న భక్తి సాహిత్యంలో కొండ స్వామికి నివాసం. కొండ మీద బ్రతికే మనుషుల చూపుతో త్రికూటాచలాన్ని వర్ణించిన గ్రంథం పద్దెనిమిదవ శతాబ్దంలో వెలువడింది. అది త్రికూట రాసప్ప కవిరాయర్ రచించిన తిరుక్కుట్రాల కురవంజి. వసంతవల్లి అనే కన్య కుట్రాలనాథుని వలచి విరహంతో ఉండగా, సింగి అనే ఎరుకలసాని వచ్చి సోదె చెబుతుంది. ఆమె తన కొండను గురించి, అక్కడి జలపాతాలను, వానరాలను, ఫలవృక్షాలను గురించి గర్వంగా చెప్పే ఘట్టాలు తమిళనాట పండిత పామరులందరికీ పరిచితాలు. అనంతరం ఆమె భర్త, పక్షులను పట్టే సింగడు, ఆమెను వెదుకుతూ వస్తాడు.

కొరవంజి ప్రక్రియ తెలుగువారికి కొత్తది కాదు. యక్షగాన సంప్రదాయంలో ఎరుకత పాత్రకు ఉన్న ప్రాముఖ్యం సుప్రసిద్ధం. అయితే ఈ తమిళ కావ్యానికి, తెలుగుకు మరొక ముడి కూడా ఉంది. దీనిని ఆదరించి, కవికి భూమిని దానమిచ్చిన ప్రభువు మదురై నాయక రాజు విజయరంగ చొక్కనాథుడు. రాణి మంగమ్మ మనుమడైన ఈ రాజు శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము అనే తెలుగు వచన గ్రంథాలకు కర్తగా సాహిత్య చరిత్రలో స్థానం పొందాడు. ఆ దానభూమికి కురవంజి మేడు అనే పేరు నిలిచింది. తెలుగులో వచనం రాసిన రాజు, తమిళంలో పాడిన కవి, కొండ జాతి స్త్రీ నోట పలికిన ప్రకృతి వర్ణన ఒకే చోట కలవడం నాటి దక్షిణదేశ సంస్కృతికి మంచి నిదర్శనం. 1944లో రుక్మిణీదేవి కళాక్షేత్రంలో దీనిని నృత్యనాటకంగా రూపొందించడంతో ఆధునిక రంగస్థలానికి కూడా త్రికూటాచలం పరిచయమయింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ కావ్యం ఒక ముఖ్య విషయాన్ని సూచిస్తుంది. కొండ అడుగున ఉన్న నగరకన్యకు పైనున్న అడవి తెలియదు. ఆ జ్ఞానం ఎరుకలసాని సొత్తు. పైకి పోయే దారి తెలిసినవారు వేటతో, మూలికలతో, తేనెతో జీవించేవారేనని నాటి సమాజం అంగీకరించింది.

సంపెంగ దాటి తేనె వరకు

పెద్ద జలపాతం నుండి పైకి పోయే దారి మొదటి అడుగు నుండే నిటారుగా ఉంటుంది. సంపెంగ వృక్షాల వల్ల పేరొందిన జలపాతం వద్ద శెణ్బగదేవి అమ్మవారి ఆలయం ఉంది. పరిసరాలలోని గుహలు సిద్ధుల నివాసాలని ప్రతీతి. చైత్ర పౌర్ణమి నాడు భక్తులు ఈ అమ్మవారిని సేవించడం ఆచారం. సంప్రదాయంలో గృహస్థుల యాత్రకు ఇదే సాధారణంగా ఎగువ హద్దు. అంతకు పైన తపస్సు చేసేవారికి, అడవిలో పనిచేసేవారికి మాత్రమే దారి.

తేనె జలపాతానికి ఆ పేరు రావడానికి కారణం చుట్టూ ఉన్న కొండచరియలకు వేలాడే తేనెపట్లు. తాళ్ల మీద దిగి తేనె తీయడం దక్షిణ పడమటి కనుమలలోని పళియర్ వంటి గిరిజనుల పరంపరాగత వృత్తి. ప్రాణాపాయంతో కూడిన ఈ పనిని అలవాటు లేనివారు చేయలేరు. ఆ విధంగా రాజాజ్ఞ ఏదీ లేకుండానే కొండ పైభాగానికి ఒక కట్టుబాటు ఏర్పడింది. అడుగున జనసమ్మర్దం, నడుమ పర్వదినాల యాత్ర, పైన కొద్దిమంది వృత్తి సంచారం అనే మూడంచెల వ్యవస్థ తరతరాలుగా సాగింది.

కంపెనీ తోటలు, వృక్షశాస్త్రం

ఈ వ్యవస్థను మొదట కదిలించినది ఈస్టిండియా కంపెనీ. 1796లో ఆంగ్లేయులు డచ్చివారి నుండి మొలక్కా దీవులను స్వాధీనం చేసుకున్నప్పుడు జాజికాయ, లవంగం మొక్కలు వారి చేతికి చిక్కాయి. ఆ సుగంధద్రవ్యాలను దక్షిణ భారతంలో పండించాలనే సంకల్పంతో పంతొమ్మిదవ శతాబ్దారంభం నాటికి కుర్తాళం కొండవాలులో తోటలు వేశారు. దాల్చినచెక్కను కూడా పెంచారు. మొక్కలు బ్రతికాయి గాని, ఆ తోటలు మొలక్కా దీవుల పంటకు సాటి కాలేకపోయాయి. కాగా, మేడిపండులా పైకి మాత్రమే ఆకర్షణీయమని చెప్పి కొట్టివేయదగిన ప్రయత్నం కూడా కాదది. మాంగోస్టీన్, రంబుటాన్, దురియాన్ వంటి ఆగ్నేయాసియా ఫలాలు ఈనాటికీ కుర్తాళం సంతలో కనిపించడం ఇక్కడి తోటల పెంపకం సంప్రదాయానికి గుర్తు. అయితే ఎరుకలసాని గర్వపడిన కొండ కంపెనీ దస్తావేజులలో రాబడినిచ్చే నేలగా మారింది.

అదే కాలంలో మరొక రకం అన్వేషణ కూడా ఈ దారి పట్టింది. కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ 1830లలో కుర్తాళం పరిసరాల మొక్కలను సేకరించి, ఇక్కడి వృక్షసంపద మీద వ్యాసం ప్రకటించాడు. 1838 నుండి 1853 వరకు వెలువడిన ఆయన బృహద్గ్రంథం ఐకోనెస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్‌లో రెండువేలకు పైగా చిత్రఫలకాలు ఉన్నాయి. వైట్ కొలువులో ఈ బొమ్మలకు ప్రధానంగా శ్రమించినవారు రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు. వీరు తెలుగు చిత్రకార కుటుంబాల సంప్రదాయానికి చెందినవారు. ఆలయాల గోడల మీద, రాజాస్థానాలలో రూపుదిద్దుకున్న కుంచెపని ఆ విధంగా ఆకుల ఈనెలను, పువ్వుల కేసరాలను కచ్చితంగా చిత్రించడానికి ఉపయోగపడింది. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు మీద గోవిందూయియా అని నామకరణం చేశాడు. వలసపాలనలో భారతీయ చిత్రకారునికి దక్కిన అరుదైన గౌరవమది. కుర్తాళం పేరు కూడా నేరేడు ప్రజాతికి చెందిన ఒక వృక్షపు లాటిన్ నామంలో నిలిచిపోయింది.

పంతొమ్మిదవ శతాబ్దం నడిమికి కాఫీ తోటల కోసం పడమటి కనుమలలో అడవులు విస్తారంగా నరికివేతకు గురయ్యాయి. కొండవాలు బోడి అయితే వాగులు ఎండుతాయా అన్న చర్చ నాటి అధికారులలో బయలుదేరింది. హ్యూ క్లెగార్న్ బృందం 1851లో బ్రిటిష్ అసోసియేషన్‌కు సమర్పించిన నివేదిక ఉష్ణమండల అరణ్యాల నాశనాన్ని పరిశీలించింది. 1856లో క్లెగార్న్ నేతృత్వంలో మద్రాసు అటవీశాఖ ప్రారంభమయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి రక్షణ లభించింది. అదే చట్టం తేనె, మూలికలు సేకరించేవారి స్వేచ్ఛను అనుమతి పత్రాల పరిధిలోకి తెచ్చింది. దారి తెలిసినవారే దారికి పరాయివారయ్యారు.

మూసిన దారి

స్వాతంత్ర్యానంతరం రవాణా సౌకర్యాలు పెరిగి కుర్తాళం ప్రముఖ విహారస్థలమయింది. తమిళ రసజ్ఞుడు టి.కె. చిదంబరనాథ ముదలియార్ ఇక్కడ నివసించిన కాలంలో రాజాజీ, కల్కి వంటివారు ఆయన అతిథులుగా వచ్చేవారు. క్రమంగా సారల్ కాలంలో లక్షలాది జనం రావడం మొదలయింది. నూనె, సబ్బు, షాంపూల వాడకంతో నీరు కలుషితమవుతున్నందున 2014లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం జలపాతాలలో వాటిని నిషేధించింది. సంపెంగ జలపాతానికి, అంతకు పైకి పోయే దారిని అటవీశాఖ తన నియంత్రణలో ఉంచి, సాధారణ సందర్శకులను నిరోధించింది. 2024 మే నెలలో పాత కుర్తాళం జలపాతంలో హఠాత్తుగా వచ్చిన వరద ఒక బాలుని ప్రాణం బలిగొనడంతో, పైన పడే వాన కింద ఉన్నవారికి కనిపించదన్న సత్యం మరొకసారి రుజువయింది.

ఎగువకు జనప్రవాహాన్ని ఆపడం సమంజసమే. చిత్తార్ ఆయకట్టు రైతు పంట, యాత్రికుని తీర్థస్నానం రెండూ ఆ అడవి నిలవడం మీదనే ఆధారపడి ఉన్నాయి. కాని పూర్వపు కట్టుబాటుకు, నేటి నిషేధానికి ఒక భేదం ఉంది. పూర్వం కొండ పైకి కొద్దిమందే పోయినా, ఆ కొద్దిమంది అనుభవం కథగా, పాటగా, సోదెగా కిందికి దిగివచ్చేది. కేవలం గేటు మూసి ఊరుకుంటే అడవి మిగలవచ్చు గాని, దానిని గురించిన ఎరుక మిగలదు. పర్వదినాల పరిమిత యాత్రను సంప్రదాయం మేరకు కొనసాగించడం, తేనె సేకరించే కుటుంబాల అనుభవాన్ని వారి మాటలలోనే నమోదు చేయడం, అటవీ సంరక్షణలో వారికి స్థానం కల్పించడం, రంగయ్య, గోవిందుల చిత్రాల ప్రతులను కుర్తాళంలోనే ప్రదర్శించడం పాలనా యంత్రాంగానికి అసాధ్యమైన పనులు కావు. చిత్రసభను కాపాడుకునే బాధ్యతలో దాని మీద కురిసే సారల్‌ను, ఆ సారల్‌ను నిలుపుకునే అడవిని కాపాడే బాధ్యత కూడా ఇమిడి ఉంది.