ఆంధ్రప్రదేశ్‌లో విద్య, పౌరహక్కులు

బడిలో ప్రవేశం పొందుట, కులమత భేదం లేకుండా చదువుకొనుట, దండనకు గురికాకుండుట, మనస్సాక్షికి విరుద్ధమైన పనికి నిర్బంధింపబడకుండుట మొదలైనవి విద్యారంగానికి చెందిన ముఖ్యమైన పౌరహక్కులు. భారతదేశంలో ఈ హక్కులు నేటి రూపం దాల్చుటలో తెలుగు ప్రాంతానికి సంబంధించిన వ్యాజ్యాలకు ప్రత్యేక స్థానం ఉన్నది. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు తెలంగాణ సరిహద్దుకు సమీపంలో ఉన్న పట్టణం, షెడ్యూల్డు కులాలకు కేటాయించబడిన శాసనసభ నియోజకవర్గానికి కేంద్రం. ఇటువంటి ఊరిలోని విద్యార్థి ఏ బడిలో చేరగలడు, ఏ కళాశాలలో సీటు పొందగలడు అనే విషయాలను ఈ తీర్పులు నేరుగా ప్రభావితం చేశాయి.

హక్కులు, స్వేచ్ఛలు

సాధారణంగా పౌరహక్కులు, పౌరస్వేచ్ఛలు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతారు. అయితే రెండింటికీ కొంత తేడా ఉన్నది. సమానంగా చూడమని, వివక్ష నుండి కాపాడమని ప్రభుత్వాన్ని కోరగలిగినవి పౌరహక్కులు. ప్రభుత్వం జోక్యం చేసుకొనరాదని కోరగలిగినవి పౌరస్వేచ్ఛలు. ఉదాహరణకు, దళిత బాలికకు బడిలో ప్రవేశం నిరాకరిస్తే అది పౌరహక్కుకు భంగం. కేరళలో జాతీయగీతం పాడుటకు మతవిశ్వాసం అడ్డు వచ్చినందున గౌరవంగా నిలబడి మౌనం వహించిన ముగ్గురు పిల్లలను బడి నుండి తొలగించారు. ఇది స్వేచ్ఛకు భంగమని సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పింది. ఇది బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా ప్రసిద్ధి చెందినది.

మద్రాసు రాష్ట్రకాలం

తిరువూరు ఉన్న కృష్ణా జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. అప్పట్లో వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను "కమ్యూనల్ జీ.ఓ." ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లిములకు 1 కేటాయించేవారు.

చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న ఈ ఉత్తర్వు చెల్లదని తీర్పు ఇచ్చినది. పర్యవసానంగా అదే సంవత్సరం రాజ్యాంగ మొదటి సవరణ ద్వారా 15(4) అధికరణం చేర్చబడినది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు ఈ అధికరణం వీలు కల్పిస్తుంది.

ఉన్నికృష్ణన్ కేసు

1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు అనుమతులిచ్చినది. రాష్ట్ర హైకోర్టు వాటిని కొట్టివేయగా ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. ప్రైవేటు కళాశాలలు వసూలు చేసే క్యాపిటేషన్ రుసుముపై ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు కలిపి విచారించినది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే ఈ కేసులో 1993 ఫిబ్రవరి 4న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించినది. మెజారిటీ తీర్పు వ్రాసినవారిలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ప్రముఖులు.

పద్నాలుగు సంవత్సరాలు నిండేవరకు ఉచిత విద్య పొందుట ప్రతి బాలుని, బాలిక యొక్క ప్రాథమిక హక్కు అని, ఆ తరువాతి విద్య ప్రభుత్వ ఆర్థిక శక్తికి లోబడి ఉంటుందని న్యాయస్థానం స్పష్టం చేసినది. ఇందులోని ప్రవేశాల పథకాన్ని టి.ఎం.ఏ. పాయ్ కేసులో (2002) 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చినది గాని, ప్రాథమిక విద్యపై చెప్పిన సూత్రం నిలిచింది. అది 2002లో 86వ సవరణ ద్వారా 21-ఎ అధికరణమై, 2009లో విద్యాహక్కు చట్టమై, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది.

విద్యాహక్కు చట్టంలోని రక్షణలు

* 12(1)(సి) సెక్షను: ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిబంధన చాలాకాలం అమలుకు నోచుకోలేదు. హైకోర్టు 2022లో ఆదేశించిన తరువాతనే ప్రవేశాలు మొదలైనవి.
* 13 సెక్షను: క్యాపిటేషన్ రుసుము గాని, ప్రవేశానికి పిల్లలకు, తల్లిదండ్రులకు పరీక్ష గాని పనికిరాదు.
* 14 సెక్షను: వయస్సు ధ్రువపత్రం లేదనే కారణంతో ప్రవేశం నిరాకరించరాదు.
* 17 సెక్షను: శారీరక దండన, మానసిక వేధింపు నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంతకు ముందే, 2002లో, బడులలో శారీరక దండనను నిషేధించినది.
* 32 సెక్షను: హక్కుకు భంగం కలిగితే స్థానిక సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలోపు పరిష్కరించవలెను. ఆ నిర్ణయంపై రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకొనవచ్చును.

రిజర్వేషన్లు, వర్గీకరణ

షెడ్యూల్డు కులాలకు ఉన్న 15 శాతం రిజర్వేషన్‌ను రాష్ట్రం 2000లో ఎ, బి, సి, డి అను నాలుగు సమూహాలకు 1, 7, 6, 1 శాతాలుగా విభజించినది. ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ చట్టాన్ని కొట్టివేసినది. వర్గీకరణకు అనుకూలంగా, వ్యతిరేకంగా తెలుగునాట దీర్ఘకాలం ఉద్యమాలు నడిచినవి. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చినది. తరువాత 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మూడు సమూహాలుగా వర్గీకరణను అమలుకు తెచ్చినవి.

బోధనా మాధ్యమం

ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చుచు 2019 నవంబరులో వెలువడిన 81, 85 సంఖ్యల జీ.ఓ.లను రాష్ట్ర హైకోర్టు 2020 ఏప్రిల్ 15న రద్దు చేసినది. ధనికుల పిల్లలకు లభించే ఆంగ్ల విద్య పేదలకు కూడా హక్కు అని ఒక వాదం. మాతృభాషలో నేర్చుకొనుట బిడ్డ హక్కు అని, మాధ్యమాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛ కుటుంబానికి ఉండవలెనని మరొక వాదం. రెండు పక్షాలూ హక్కు అనే మాటనే ఆధారం చేసుకొనుట ఈ వివాదంలోని విశేషం.

సమాజంలో అమలు

రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకొన్నది. దీని 5వ సెక్షను ప్రకారం అంటరానితనం కారణంగా విద్యాలయంలో గాని, వసతి గృహంలో గాని ప్రవేశం నిరాకరించుట శిక్షార్హం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు హత్యాకాండలు చట్టానికీ గ్రామజీవితానికీ మధ్య గల అంతరాన్ని దేశం ముందుంచినవి.

ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ప్రతి నెల 30వ తేదీన పౌరహక్కుల దినం జరుపు ఆచారం ఉన్నది. మండల అధికారులు, పోలీసులు గ్రామస్థులను సమావేశపరచి హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి, దేవాలయ ప్రవేశం వంటి విషయాలను విచారించి, చట్టాలను వివరిస్తారు. ఫిర్యాదు చేసినవారు మరుసటి రోజు కూడా అదే గ్రామంలో, ఎక్కువగా అదే రైతుల పొలాలలో పనిచేయవలసి యుండుట వలన, సభలో నోరు విప్పుట అందరికీ సులభం కాదు.

ఉన్నత విద్యలో వివక్ష హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ 2016 జనవరి 17న మరణించిన తరువాత దేశవ్యాప్త చర్చకు వచ్చినది.

ఇవి కూడా చూడండి

* తిరువూరు
* విద్యాహక్కు చట్టం
* ప్రాథమిక హక్కులు
* కారంచేడు
* చుండూరు