తోటలోనికి వచ్చిన కుర్చీ

1869 వరకు హైదరాబాదు దర్బారులో కుర్చీకి చోటు లేదు. నిజాము సముఖమున అమీరులు, జాగీర్దారులే కాదు, కోఠీలో మకాము పెట్టుకొని సంస్థాన వ్యవహారములను కనుసన్నల నడపించుచుండిన ఆంగ్లేయ రెసిడెంటు సైతము పాదరక్షలు విడిచి, నేలపై పరచిన తివాచీ మీద కాళ్లు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఆ యేట అఫ్జలుద్దౌలా దివంగతుడై, మూడేండ్లైనను నిండని మహబూబలీఖాను మసనదు నెక్కిన సందర్భమున, రెసిడెంటు సాండర్సు బూట్లతోనే వత్తుననియు, కుర్చీ మీదనే కూర్చుందుననియు పట్టుపట్టి తన మాట నెగ్గించుకొనెను. నేడు నాంపల్లి అంగడిలో పచ్చది మేలా, నీలిది మేలా యని భార్యాభర్తలు గడియసేపు తర్కించుకొను వస్తువు కొరకు ఆనాడు రెండు ప్రభుత్వములు తగవులాడినవి.

దర్బారు నుండి తోటకు దాని ప్రయాణము మెల్లగా సాగెను. మన ఇండ్లలో ఆరుబయట కూర్చుండుట యనగా వీధి అరుగు, వేసవి రాత్రులలో వాకిట వాల్చిన నులకమంచము, పెద్దమనిషి వచ్చినచో దానిపై పరచిన ఉతికిన దుప్పటి. చెట్టు నీడన కుర్చీలు గుండ్రముగ వేసికొని తేనీరు త్రాగు మర్యాద దొరల బంగళాల నుండి వచ్చినది. 1846లో నాంపల్లిలో వెలసిన బాగెఆమ్, అనగా నేటి పబ్లిక్ గార్డెన్సు, ఈ నూతన నాగరకతకు అనువైన రంగస్థలము. ఆ పచ్చికల నడుమ 1913 నాటికి టౌన్‌హాలు, తరువాత 1937లో ఏడవ నిజాము రజతోత్సవము జరిగిన జూబిలీహాలు లేచినవి. నాటి తోటకుర్చీకి రంగుల వైభవ మెక్కడిది? పేము తన తేనెవన్నెతోనే ఉండెడిది. ఇనుమునకు పూసిన పచ్చరంగు తుప్పును ఆపుటకే గాని కన్నుల పండువకు గాదు.

ఏ అమీరు అనుమతియు లేకయే సామాన్యుడు కుర్చీలో కూర్చుండి, చేతులు తట్టి చూచి, బేరమాడి, కొనకయే లేచి పోగల స్వాతంత్ర్యమును ఇచ్చినది, నా దృష్టిలో, నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్సునందు నెలకొల్పిన ఈ ప్రదర్శన కేవలము రెండున్నర రూపాయలతో మొదలైనదని నగరమున నేటికిని చెప్పుకొందురు. 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా నున్నప్పుడు అది నేటి ఎగ్జిబిషన్ మైదానమునకు మారెను. రాజకీయ కల్లోలముల వలన ఆగి, 1949లో రాజగోపాలాచారిగారి చేతుల మీదుగా మరల ఆరంభమయ్యెను. సంక్రాంతి చలిలో, మిర్చిబజ్జీల ఘాటు నడుమ, సహారన్‌పూరు చెక్కపని ముందర జనము నిలిచిపోవుట నేటికిని చూడవచ్చును.

రంగు మాత్రము ప్లాస్టిక్కుతోనే వచ్చినది. మొదట ఇనుపగొట్టముల చట్రమునకు ఎరుపు, పసుపు, నీలము వైర్లు బిగించి అల్లిన కుర్చీలు వచ్చినవి. ఈ అల్లికపని చూపులేనివారికి జీవనోపాధి యయ్యెను: వ్రేళ్ళు సందు వెదకికొనును, వైరు దూరును, బొటనవ్రేలు దానిని లాగి బిగువు చూచును, ఎక్కడ వదులైనదో కన్నున్నవాని కంటె ముందే వారికి తెలియును. తరువాత, 1972లో ఫ్రాన్సు దేశమున హెన్రీ మసొన్నే రూపొందించిన ఏకఖండ కుర్చీ, రెండు నిమిషములైనను పట్టకుండ అచ్చునుండి వెలువడు ఆ వస్తువు, లోకమును కమ్మివేయగా, మన పెండ్లిపందిళ్లలోని మడతకుర్చీ మూల చేరెను.

ఎండలో వేయు కుర్చీకి రంగు నెంచుటలో మనవారు తొందరపడుదురు. దుకాణపు దీపముల క్రింద నిగనిగలాడు ఎరుపు మన వైశాఖపు టెండకు వెలసి, సున్నము రాచినట్లు తెల్లబారును. అతినీలలోహిత కిరణములను తాళు మందు కలిపిన సరుకా యని అడుగువారు అరుదు. ముదురు రంగు మధ్యాహ్నమున కూర్చుండనీయదు. కుర్చీని చదునైన బండపై నుంచి, చేతులపై బరువు మోపి, కాళ్లు బయటికి జారునేమో చూచుట రంగు కంటె ముందు చేయదగిన పని. నన్నడిగినచో వైరు అల్లినదే కొనుమందును: వాన నీరు నిలువదు, గాలి యాడును, అల్లిక తెగినచో చట్రమును అట్లే యుంచి మరల అల్లించుకొనవచ్చును, కాలు విరిగిన ఏకఖండ కుర్చీని మాత్రము పాతసామానువాడు తూకమునకు తీసికొనిపోవును.