రాతి ఇల్లు, మంచు ఇల్లు



గడ్డకట్టే చలిలో రాతితో కట్టిన ఇల్లు వెచ్చగా ఉంటుందా, మంచుతో కట్టిన ఇల్లు వెచ్చగా ఉంటుందా? రాతి ఇల్లే అని మనలో చాలామంది చప్పున అంటారు. 19వ శతాబ్దంలో జాన్ రే అనే వైద్యుడు రెండు ఇళ్లలోనూ చలికాలం గడిపి ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాడు. ఆ జవాబు అతనికి నేర్పిన ప్రజల మాటను మాత్రం అతని దేశం చాలాకాలం నమ్మలేదు. ఈ పాఠంలో ఈ రెండు విషయాలనూ కలిపి పరిశీలిద్దాం.

జాన్ రే 1813లో స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1833లో హడ్సన్స్ బే కంపెనీ ఓడలో వైద్యుడిగా కెనడా వెళ్లాడు. ఈ కంపెనీ మన చరిత్ర పుస్తకాల్లోని ఈస్టిండియా కంపెనీ వంటిదే. 1600లో ఇంగ్లండు రాణి ఇచ్చిన పట్టాతో ఈస్టిండియా కంపెనీ తూర్పు దేశాల వ్యాపారాన్ని చేపట్టింది. 1670లో అటువంటి పట్టాతోనే హడ్సన్స్ బే కంపెనీ ఉత్తర అమెరికాలో బొచ్చుతోళ్ల వ్యాపారం మొదలుపెట్టింది.

ఆ కాలంలో బ్రిటిష్ నౌకాదళానికి ఒక పెద్ద ఆశ ఉండేది. కెనడాకు ఉత్తరాన మంచు సముద్రం గుండా ఆసియాకు దారి దొరుకుతుందని ఆ ఆశ. దాన్నే వాయవ్య మార్గం అంటారు. ఆ దారి వెతకడానికి 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో బయలుదేరాడు. ఓడల పేర్లు ఎరెబస్, టెర్రర్. వాటిలో 129 మంది మనుషులు, మూడేళ్లకు సరిపడే ఆహారం, వేలాది ఆహారపు డబ్బాలు ఉన్నాయి. వారిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

రాతి ఇంట్లో మొదటి చలికాలం

ఫ్రాంక్లిన్ బయలుదేరిన మరుసటి ఏడాది, 1846లో, రే రెండు చిన్న పడవలతో రిపల్స్ బే అనే తీరానికి చేరాడు. సరిగ్గా ఆర్కిటిక్ వలయం మీదనే ఉన్న ఈ ఊరి పేరు ఇప్పుడు నౌజాట్. అక్కడ చెట్లు మొలవవు. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలు. రే వెంట పదిహేను మంది కూడా లేరు. తెచ్చుకున్న ఆహారం కొద్ది నెలలకే సరిపోతుంది. మిగిలినది వేటాడి, చేపలు పట్టి సంపాదించుకోవాలి.

వారు రాళ్లు పేర్చి సుమారు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల ఇల్లు కట్టారు. పడవల తెరచాప కొయ్యలను, తెడ్లను దూలాలుగా వాడి, పైన తోళ్లు, నీరు దిగని గుడ్డ కప్పారు. దానికి ఫోర్ట్ హోప్, అంటే ఆశాదుర్గం, అని పేరు పెట్టారు. గోడలు మందంగా ఉన్నా ఇల్లు మాత్రం చల్లగానే ఉంది. కారణం ఆలోచించండి. రాయి వేడిని త్వరగా బయటికి పోనిస్తుంది. మనుషుల ఊపిరిలోని తేమ చల్లని గోడలకు తగిలి గడ్డకడుతుంది. కట్టెలు లేని ఆ నేలలో వంటకే ఇంధనం చాలదు, ఇక ఇల్లంతా వెచ్చబెట్టడం ఎలా?

మంచు ఇంటి రహస్యం

ఆ ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న ఇన్యూట్ ప్రజలు మంచుతో ఇళ్లు కట్టుకునేవారు. వారి దగ్గర రే ఆ విద్య నేర్చుకున్నాడు. గాలికి గట్టిపడిన మంచును కత్తితో దిమ్మలుగా కోసి, లోపలికి వాలేటట్టు చుట్లు చుట్లుగా పేరుస్తారు. దిమ్మల్లో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. వాకిలి కిందుగా, పడుకునే అరుగు ఎత్తుగా ఉంటాయి. వేడి గాలి పైకి చేరుతుంది, చల్లగాలి కిందనే ఉండిపోతుంది. ఊపిరి ఆడటానికి పైన చిన్న రంధ్రం ఉంచుతారు. సీల్ జంతువు కొవ్వుతో వెలిగే రాతి దీపమే పొయ్యి. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా, లోపల నీరు గడ్డకట్టే స్థాయికి అటూ ఇటూగా ఉంటుంది.

ఇంకొక లాభం కూడా ఉంది. గుడారంలో పడుకుంటే ఊపిరి తేమ దుప్పట్ల మీద, గుడ్డ మీద గడ్డకట్టి రోజురోజుకూ బరువు పెరుగుతుంది. మంచు ఇంట్లో ఆ తేమ గోడకే అంటుకుంటుంది. పొద్దున్నే ఇంటిని వదిలేసి, రాత్రికి మరొకటి కట్టుకోవచ్చు. గుడారం మోయాల్సిన పనే లేదు. 1847లో రే బృందమంతా ప్రాణాలతో తిరిగి వచ్చింది. 1853లో రే మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు చలి ముదిరాక మంచు ఇళ్లలోనే గడిపారు. రాతి ఇంటికంటే ఇవే నయమని అనుభవంతో తేలింది.

నమ్మని సాక్ష్యం

1854 వసంతంలో రేకు కొందరు ఇన్యూట్లు ఒక వార్త చెప్పారు. కొన్నేళ్ల కిందట పడమర దిక్కున సుమారు 40 మంది తెల్లవాళ్లు ఆకలితో చనిపోయారని, చివరికి చనిపోయినవారి మాంసం తిన్నారని ఆ వార్త. ఫ్రాంక్లిన్ పేరు చెక్కిన వెండి పలకను, చెంచాలను, ఫోర్కులను రే వారి వద్ద కొన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో అతని నివేదిక లండన్ పత్రికలో రాగానే దేశం ఉలిక్కిపడింది. డిసెంబరులో నవలా రచయిత చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దాన్ని ఖండిస్తూ రాశాడు. బ్రిటిష్ నావికులు అలా చేయరని, ‘అనాగరికుల’ మాట నమ్మరాదని అతని వాదన. ఇన్యూట్లే వారిని చంపి ఉండవచ్చన్న సూచన కూడా చేశాడు. రే ఇచ్చిన సమాధానాన్నీ అదే పత్రికలో ప్రచురించాడు.

ఇక్కడ చరిత్ర విద్యార్థులుగా మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. రేతో మాట్లాడినవారు ఆ సంఘటనను కళ్లారా చూసినవారు కారు, ఇతరుల నుంచి విన్నవారు. కాబట్టి వారి మాటను పరీక్షించాలనడం న్యాయమే. కానీ డికెన్స్ దాన్ని పరీక్షించలేదు, చెప్పినవారి జాతిని చూసి తోసిపుచ్చాడు. ఈ రెండూ ఒకటి కావు.

తర్వాత పరీక్ష జరిగింది. 1859లో దొరికిన ఒక కాగితం ద్వారా ఫ్రాంక్లిన్ 1847లో మరణించాడని, 1848లో మిగిలినవారు ఓడలు విడిచి నడక సాగించారని తెలిసింది. 1990లలో శాస్త్రజ్ఞులు నావికుల ఎముకలపై కత్తి గాట్లు గుర్తించారు. ఇన్యూట్లు తరతరాలుగా చెప్పుకున్న మాటలు వెతకవలసిన చోటును సూచించడానికి తోడ్పడ్డాయి. 2014లో ఎరెబస్, 2016లో టెర్రర్ సముద్రం అడుగున కనిపించాయి.

1854లోనే రే ఒక జలసంధిని గుర్తించాడు. నార్వేకు చెందిన అముండ్‌సెన్ 1903-06 మధ్య వాయవ్య మార్గాన్ని తొలిసారి ఓడలో దాటినప్పుడు ఆ జలసంధి గుండానే వెళ్లాడు. మధ్యలో అతను కూడా ఇన్యూట్ల పొరుగున రెండు చలికాలాలు గడిపి, వారి దుస్తులు, ప్రయాణ పద్ధతులు నేర్చుకున్నాడు.

ఇల్లు ఎలా కట్టాలో చెప్పినవారూ, నావికులు ఎలా చనిపోయారో చెప్పినవారూ ఒకే ప్రజలు. రే రెండింటినీ విన్నాడు. మీ ప్రాంతపు చరిత్ర రాసేటప్పుడు కాగితం మీద లేని సాక్ష్యం ఎవరి నోట ఉంది? జాలరుల దగ్గరా, గిరిజనుల దగ్గరా, మీ ఊరి పెద్దల దగ్గరా? వెళ్లి అడగండి. విన్నదాన్ని పరీక్షించండి. వినకుండా మాత్రం కొట్టిపారేయకండి.