టెక్సస్ గ్రామీణ కౌంటీల్లో ఇంటి నిర్మాణ అనుమతులు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఏ నగరపాలక సంస్థ పరిధిలోకీ రాని భూమిని అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ప్రాంతం అంటారు. అక్కడ స్థానిక పాలన కౌంటీదే. మన పంచాయతీ వంటి సంస్థ కౌంటీ కింద ఉండదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారిలోనూ నగరం దాటి ఎకరాల లెక్కన భూమి కొనేవారున్నారు. అలాంటి చోట ఇల్లు కట్టడానికి పర్మిట్ అక్కర్లేదన్న మాట వారి చెవిన పడుతూనే ఉంటుంది. అందులో సగమే నిజం. ఇంటి గోడలకు అనుమతి అడగని కౌంటీలు ఉన్నాయి. ఆ ఇంట్లోంచి పోయే మురుగునీటికీ, ఆ ఇంటి మీదికి రాగల వరదకూ మాత్రం నియమాలు తప్పవు.

కౌంటీకి ఉన్న అధికారం

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ఒక్కోదాన్నీ కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన కమిషనర్స్ కోర్టు నడుపుతుంది. రాష్ట్ర రాజ్యాంగం, శాసనసభ ఇచ్చిన అధికారాలే తప్ప కౌంటీకి సొంతంగా నియమాలు చేసే స్వేచ్ఛ లేదు. ఏ భూమిలో ఇళ్లుండాలో, ఏ భూమిలో వ్యాపారాలుండాలో నిర్ణయించే జోనింగ్ అధికారం నగరాలకు ఉంది. కౌంటీలకైతే పాడ్రే ద్వీపం, అమిస్టాడ్ జలాశయ పరిసరాల వంటి కొద్ది చోట్లకే దక్కింది. అందువల్ల ఇంటి పక్కన కాంక్రీటు తయారీ ప్లాంటు వస్తోందంటే జోనింగ్ పేరుతో దాన్ని ఆపడం కౌంటీ చేతిలో లేదు. స్వేచ్ఛ కోసం ఊరి బయటికి వెళ్లేవారు పొరుగువారికీ అదే స్వేచ్ఛ ఉందని గుర్తుంచుకోవాలి.

2009లో వచ్చిన చట్టం కొత్త ఇళ్లకు నిర్మాణ కోడ్‌ను వర్తింపజేసే వీలు కౌంటీలకు కల్పించింది. దాన్ని స్వీకరించిన కౌంటీలో ఇల్లు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం కట్టాలి. కనీసం మూడు తనిఖీలుంటాయి: పునాదికి కాంక్రీటు పోయకముందు ఒకటి, చట్రం, వైరింగ్, పైపుల పని అయ్యాక లోపలి గోడపలకలు బిగించకముందు ఒకటి, పని మొత్తం పూర్తయ్యాక మరొకటి. అయితే తనిఖీ చేసే మనిషిని పిలిపించుకునేది బిల్డరే. ఈ ఏర్పాటులోని ప్రధాన లోపం ఇదే. ఇల్లు కొనేవారు తమ తరఫున వేరే ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవడం ఎంతైనా అవసరం.

మురుగునీటి అనుమతి

నగర డ్రైనేజీ లేని చోట ప్రతి ఇంటికీ సొంత సెప్టిక్ వ్యవస్థ ఉండాలి. దీని నియమాలు రాష్ట్ర పర్యావరణ సంస్థవి. చాలాచోట్ల వాటిని అమలు చేసే బాధ్యత కౌంటీకి అప్పగించారు. ముందుగా లైసెన్సున్న నిపుణుడు గుంతలు తవ్వి మట్టి పొరలను పరీక్షిస్తాడు. ఏ రకం వ్యవస్థ వేయాలో, ఎంత ఖర్చవుతుందో ఆ మట్టే తేలుస్తుంది. డాలస్ నుంచి ఆస్టిన్ దాకా పరచుకున్న బ్లాక్‌లాండ్ నేల మన నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది. నీటిని త్వరగా ఇంకనివ్వదు. ఆస్టిన్‌కు పడమర కొండప్రాంతంలో అడుగు లోతునే సున్నపురాయి తగిలే చోట్లున్నాయి. రెండుచోట్లా మామూలు ట్యాంకు, ఇంకుడు కందకాలతో పని జరగడం కష్టం. గాలి పంపి మురుగును శుద్ధిచేసి, ఆ నీటిని నేల మీద చిమ్మే ఏరోబిక్ వ్యవస్థ వేయాల్సి వస్తుంది. దానికి మొదటి రెండేళ్లూ నిర్వహణ ఒప్పందం తప్పనిసరి.

కొత్తగా విడగొట్టే ప్లాటుకు బయటి నుంచి నీటి సరఫరా ఉంటే కనీసం అర ఎకరం, సొంత బోరైతే ఎకరం కావాలి. తాగునీటి బోరుకూ ఇంకుడు కందకాలకూ మధ్య సాధారణంగా 100 అడుగుల ఎడం ఉండాలి. పదెకరాలు, అంతకు మించిన స్థలంలో ఒకే కుటుంబం ఉండే ఇంటికి, కొన్ని షరతులతో, ఈ పర్మిట్ నుంచి రాష్ట్రం మినహాయింపు ఇస్తుంది. కానీ ఇంతకంటే కఠినమైన నియమాలు పెట్టుకున్న కౌంటీలూ ఉన్నాయి.

ఈ నియమాలు ఎందుకో తెలియాలంటే మెక్సికో సరిహద్దు వెంబడి ఉన్న కొలోనియాలనే బస్తీలను చూడాలి. నీళ్లూ డ్రైనేజీ లేని భూములను ముక్కలు చేసి పేద కుటుంబాలకు వాయిదాల మీద అమ్మారు. వాయిదాలన్నీ కట్టేదాకా భూమి వాళ్ల పేరు మీదికి రాదు. ఈ అమ్మకాలను ఆపే అధికారం కౌంటీల దగ్గర లేకపోయింది. 1989లోనూ 1995లోనూ శాసనసభ కదిలి భూవిభజన నియమాలను బిగించింది. అప్పటికే లక్షల మంది ఆ బస్తీల్లో చిక్కుకున్నారు.

వరద అనుమతి

1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకంలో చేరిన కౌంటీ, పటంలో వరద ముప్పు ప్రాంతంగా గుర్తించిన చోట ఏ నిర్మాణానికైనా పర్మిట్ అడగాలి. ఇల్లే కానక్కర్లేదు, మట్టి పోసి మెరక చేసినా అడగాలి. ఏటా ఒక శాతం వరద అవకాశం ఉన్న నేలను ఈ ప్రాంతంగా లెక్కిస్తారు. ఒక శాతమే కదా అనిపిస్తుంది. 30 ఏళ్ల గృహరుణ కాలంలో కనీసం ఒకసారి మునిగే అవకాశం మాత్రం 26 శాతం. కొత్త ఇంటి నేల వరదమట్టానికి పైన ఉండాలి, ఆ ఎత్తును సర్వేయరు ధ్రువీకరించాలి.

2015 మే నెలలో బ్లాంకో నది వింబర్లీ దగ్గర ఇళ్లను పునాదుల నుంచి లాక్కుపోయింది. 2025 జులై 4న గ్వాడలూప్ నది వరదలో ఒక్క కెర్ కౌంటీలోనే వందమందికి పైగా చనిపోయారు. అన్ని కాగితాల్లోనూ ప్రాణాలకు అతి దగ్గరగా ఉండేది ఈ పర్మిటే.

మిగిలినవి

కౌంటీ రోడ్డు మీదికి దారి తీయడానికి, తూము వేయడానికి కౌంటీ అనుమతి కావాలి. రాష్ట్ర రహదారి అయితే రవాణా శాఖను అడగాలి. నగరం హద్దు బయట కూడా, జనాభాను బట్టి అర మైలు నుంచి 5 మైళ్ల దాకా భూవిభజన మీద ఆ నగరం నియమాలు చెల్లుతాయి. 2023 చట్టం తర్వాత భూయజమానులు అందులోంచి తప్పించమని కోరవచ్చు. దస్తావేజులో రాసిన ఆంక్షలు వేరు. వాటికి కౌంటీ అనుమతితో సంబంధం లేదు, కోర్టులో మాత్రం నిలుస్తాయి.

భూమికి బయానా ఇచ్చేముందే కౌంటీ కార్యాలయానికి వెళ్లి వరద పటం చూడండి, మట్టి పరీక్ష చేయించండి.