ఎగుడుదారిలో మూడు గొంతులు

సిల్వర్‌థోర్న్ ఊరు వెనకపడగానే రోడ్డు పైకి లేస్తుంది. కొలరాడోలో ఐ-70 హైవే. వంద మీటర్లకు 7 మీటర్లు ఎత్తు. పైన 3,400 మీటర్ల దగ్గర సొరంగం. మీరు రామ్ పికప్‌లో పక్క సీట్లో ఉన్నారు. వెనక ట్రైలర్ నిండా గడ్డిమోపులు, ఏడు టన్నులు. ముసలి డ్రైవరు యాక్సిలరేటర్ నేలకు తొక్కిపెట్టి రేడియో కట్టేశాడు.

"విను."

కాళ్ల కిందనుంచి బొంగురుగా కమిన్స్ ఇంజిన్. ఆరు సిలిండర్లు ఒకే వరసలో, 6.7 లీటర్లు. కమిన్స్ ఇంజిన్లున్న మన టాటా లారీలెక్కినవాళ్లకు ఈ గొంతు మరీ కొత్త కాదు. 1989 మోడల్ డాడ్జ్ పికప్‌లో దీని అన్నగారిది 160 హార్స్‌పవర్. ఇప్పుడిది 430. టార్క్ 1,457 న్యూటన్ మీటర్లు, అదీ 1,800 ఆర్‌పీఎం దగ్గరే. ఆరు సిలిండర్ల షాఫ్టును ఏడు బేరింగులు మోస్తాయి, వీ8లో ఎనిమిదింటికీ ఐదే అంటాడు ముసలాయన, తన కొడుకు మార్కులు చెప్పినట్టు.

అంతలో ఎడమ అద్దంలో తెల్ల ఫోర్డ్ పికప్. దానికీ బరువు తక్కువేం లేదు. అయినా ఈల వేసుకుంటూ దాటేసింది. దానిది హై అవుట్‌పుట్ పవర్‌స్ట్రోక్ ఇంజిన్: 500 హార్స్‌పవర్, 1,627 న్యూటన్ మీటర్లు. రెండు వరసల సిలిండర్ల నడిమి లోయలో దాని టర్బో కూచుంటుంది, పొగ లోపలివైపునుంచే నేరుగా అందుతుంది. ఇంత పలచటి గాలిలో టర్బో లేని ఇంజిన్‌కు ఆయాసమే.

ముందు సిల్వరాడో పికప్ ఒకటి పోతోంది. డ్యూరామాక్స్ ఇంజిన్, 6.6 లీటర్లు. టార్క్ 1,322 మాత్రమే, ముగ్గురిలో అదే తక్కువ. మరి దాన్ని అందుకోలేకపోతున్నామేం? ముసలాయన సమాధానం చెప్పడు. దానిది 470 హార్స్‌పవర్. లాగి కదిలించడానికి టార్క్ కావాలి, ఎత్తులో వేగం నిలపడానికి హార్స్‌పవర్ కావాలి. టార్క్ అంకెలు చూసి బండి కొన్నవాళ్లు ఈ కొండ మీద కాస్త చిన్నబోతారు.

ఫ్యాన్ హోరెత్తుతోంది. చెవులు దిబ్బడేశాయి. సొరంగం, పసుపు దీపాలు, అవతల ఒక్కసారిగా వెలుగు. దిగుడు మొదలైంది. డ్రైవరు ఎగ్జాస్ట్ బ్రేక్ మీట నొక్కాడు. ఇంజిన్ గొంతు మారింది, గుర్రుమని మూలుగుతూ ఏడు టన్నులనూ వెనక్కి పట్టింది. ముల్లు 55 మైళ్ల దగ్గర కదలకుండా నిలిచింది. ఎక్కడినుంచో కాలిన బ్రేకుల వాసన వస్తోంది, మనది కాదు.

ముసలాయన కుడికాలు బ్రేకు పక్కన ఖాళీగా పడుంది. ఒంటిచేత్తో శాండ్‌విచ్ కాగితం విప్పుకుంటున్నాడు.