బండి తన రోగమును తానే చెప్పుకొన్న కథ

మార్కాపురపు పలకమీద అక్షరములు దిద్దిన పిల్లలు ఒకప్పుడు మన దేశమున ఊరూరను ఉండిరి. ఈ కాలపు మోటారుబండి కూడ తనలో ఒక పలకను దాచుకొన్నది. తన యంత్రములో ఏ భాగము దారి తప్పినదో దానిని సంకేతములుగా వ్రాసి పెట్టుకొనును. ఆ వ్రాతను చదువుకొనుటకై స్టీరింగు క్రింద, పదునారు రంధ్రములు గల చిన్న సాకెట్టు ఒకటి ఉండును. ఓ.బి.డి. సాకెట్టని మెకానిక్కులు దానిని పిలుతురు. అది ఎట్లు పుట్టినది, నల్లమల అంచున ఉన్న గిద్దలూరు వంటి ఊరికి దానితో ఏమి పని, అను విషయములను మేమిచ్చట వివరింపదలచితిమి.

దాని కథ మొదలైనది వర్కుషాపులో కాదు, ఒక నగరపు గాలిలో. 1943వ సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును కండ్లు మండించు పొగ కమ్మివేసెను. అది ఎక్కడిదో తొలుత ఎవరికిని అంతుపట్టలేదు. హాలెండు దేశమునుండి వచ్చి అచ్చట స్థిరపడిన రసాయన శాస్త్రజ్ఞుడు ఏరీ హాగెన్-స్మిట్ 1950 ప్రాంతమున దాని గుట్టు విప్పెను. మోటారుబండ్లనుండియు, చమురు శుద్ధి కర్మాగారములనుండియు వెలువడు వాయువులు ఎండ తగిలి ఓజోనును పుట్టించుచున్నవని ఆయన చూపెను. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రము గాలి శుభ్రతకై ఒక బోర్డును నెలకొల్పగా ఆయనయే దానికి తొలి అధ్యక్షుడయ్యెను.

అయితే చట్టము చేసినంతమాత్రమున పొగ తగ్గదు. ఫ్యాక్టరీ గేటు దాటిననాడు శుభ్రముగా నడచిన బండి అయిదేండ్ల తరువాత ఎట్లు నడచునో చూచువారెవరు? ఇన్ని లక్షల బండ్ల వెంట ఇన్‌స్పెక్టర్లను పంపుట సాధ్యము కాదు. కనుక బండియే తనకు తాను కావలి కాయవలెనని బోర్డు శాసించెను. 1988 మోడలు మొదలుకొని కాలిఫోర్నియాలో ఈ ఏర్పాటు తప్పనిసరి ఆయెను. కాని కంపెనీకొక సాకెట్టు, కంపెనీకొక భాష ఉండుటచే చిక్కు తీరలేదు. 1996 నుండి అమెరికాలో అమ్మిన కార్లన్నింటికిని ఒకే ఆకారపు సాకెట్టును, ఒకే సంకేతభాషను విధించిరి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో ఈ నియమము వచ్చెను. మన దేశమున భారత్ స్టేజి నాలుగు నియమములతో 2010 ఏప్రిల్ మొదలు తొలి మెట్టును, 2013 ఏప్రిల్ మొదలు రెండవ మెట్టును అమలులోనికి వచ్చినవి.

ఈ ఒకే ఆకారము సామాన్య విషయము కాదు. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోను, ఆపైన ఒంగోలు ముఖ్యపట్టణముగా ఏర్పడిన కొత్త జిల్లాలోను చేరినవి. అటు కర్నూలుకును ఇటు ఒంగోలుకును అవి దూరమే. గిద్దలూరు దాటి నంద్యాలకు పోవలెనన్నను, మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలము చేరవలెనన్నను నల్లమల ఘాటు ఎక్కవలసినదే. అట్టి దారిలో బండి మొరాయించినచో దిక్కు రోడ్డుప్రక్క మెకానిక్కు. అంబాసిడరు కార్ల కాలమున అతడు స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి ఇంజను జబ్బును కనిపెట్టెడివాడు. కార్బురేటరు పోయి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వచ్చినపిమ్మట ఆ చెవి ఒక్కటియే చాలలేదు. బండి పలకను కంపెనీవారు పూర్తిగా తాళము వేసి ఉంచుకొనినచో అతని జీవనోపాధియే పోయెడిది. గాలికొరకు చేసిన చట్టము అతని బ్రతుకును కూడ కొంత నిలిపినది.

ఇక ఆ సాకెట్టును వెదకు విధము. మన బండ్లలో డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక ముందుగా స్టీరింగు క్రింద, మోకాళ్ల పైభాగమున చూడవలెను. కొన్నింటిలో చిన్న మూత వెనుక దాగియుండును. పై వరుసలో ఎనిమిది, క్రింది వరుసలో ఎనిమిది రంధ్రములతో, ఒక ప్రక్క వెడల్పుగాను ఒక ప్రక్క సన్నముగాను ఉండుట దాని గుర్తు.

స్కానరు తగిలించినను వెలుగకున్నచో బండి కంప్యూటరు చెడినదని బెదరవలదు. పదునారవ రంధ్రమునకు బ్యాటరీ కరెంటు, నాలుగవ, అయిదవ రంధ్రములకు ఎర్తు రావలెను. మీటరుతో చూచినచో పండ్రెండు వోల్టులు కనబడవలెను. కనబడకున్నచో ఫ్యూజును చూడవలెను. పెక్కు బండ్లలో సిగరెట్టు లైటరుకును దీనికిని ఒకటే ఫ్యూజు. సెల్‌ఫోను చార్జరు వలన అది కాలిపోయి, తప్పు సాకెట్టుమీద పడుట కలదు. దుమ్ము పట్టిన రంధ్రములను, వంగిన రేకులను కూడ చూడవలెను. స్కానరు వెలిగియు మాటాడకున్నచో తాళము ఆన్ చేసినదీ లేనిదీ గమనింపవలెను. క్యాన్ పద్ధతి బండ్లలో ఆరు, పదునాలుగు రంధ్రములు మాటలు మోయు తీగలవి. బ్యాటరీ తీసివేసి ఆ రెంటి నడుమ కొలిచినచో సుమారు అరువది ఓములు రావలెను. నూట ఇరువది వచ్చినచో తీగ ఎక్కడనో తెగినదని గాని, ఒక కొన ఊడినదని గాని అనుమానింపవలెను.

తుదకు ఒక హెచ్చరిక. స్కానరు చూపునది సాక్ష్యమే గాని తీర్పు కాదు. పి 0301 అని వచ్చినచో మొదటి సిలిండరులో మంట సరిగా అంటుకొనుట లేదని మాత్రమే దాని అర్థము. కారణము ప్లగ్గు కావచ్చును, కాయిలు కావచ్చును, ఇంజెక్టరు కావచ్చును, లోపలి వాల్వు కావచ్చును. సంకేతమును చూచి సామాను మార్చుచు పోవువాడు యజమాని సొమ్మును పోగొట్టును. సంకేతమును తుడిచివేసి దీపము ఆరినదని పంపువాడు అంతకంటె చెడుపు చేయును. ఆ దీపము ఘాటు నడుమ మరల వెలుగును, పొగయు అట్లే పోవుచుండును. వ్రాతను చదివి, ఆపైన తన చెవిని, చేతిని ఉపయోగించువాడే నిజమైన పనివాడు.