చెరువు కాసినోళ్లు, చేప పట్టినోళ్లు

మత్స్యకారులంటే సముద్రపు ఒడ్డు వాళ్లేనన్న మాట మన చదువుల్లో పాతుకపోయింది. సముద్రమే లేని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోదావరి, మానేరు, కడెం నీళ్ల మీద, ఊరూరి చెరువుల మీద బతికిన గంగపుత్రులు, ముదిరాజుల చరిత్ర రాసినవాళ్లు అందుకే తక్కువ.

నిజాం రాజ్యపు కులాల మీద 1920లో అచ్చయిన సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం భోయీలను చేపలు పట్టేవాళ్లుగా, పల్లకీలు మోసేవాళ్లుగా చెప్తుంది. ఈ రెండు పనులనూ కట్టేసింది వెట్టి. దొర గడికి చేపలు ఉత్తగనే పోవాలె, అధికారి వస్తే భుజం ఇయ్యాలె.

తర్వాత నీళ్లు పెరిగినయి. 1958 వరదకు తెగిన కడెం కట్టను మళ్లీ నిలబెట్టారు. 1963లో పోచంపాడుకు పునాది పడింది. 1985 నాటికి కరీంనగర్ పక్కన దిగువ మానేరు వచ్చింది. మరి హక్కు పెరిగిందా? ఊరి చెరువుకు చిన్న వల చాలు. రిజర్వాయరు లోతుకు పెద్ద వలలు కావాలె, వాటికి పైసలు కావాలె. ఆ పైసలు దళారి దగ్గర. అప్పు తీరేదాకా చేప అతను చెప్పిన ధరకే పోవాలె. చలి రాత్రి థర్మకోల్ తెప్ప మీద వల వేసేది ఒకరు, పొద్దున కాంటా పట్టేది ఇంకొకరు. గంప నెత్తిన పెట్టుకొని ఊర్లు తిరిగే ఆడవాళ్ల కష్టమైతే లెక్కకే రాదు. 2016 నుంచి తెలంగాణ సర్కారు చేపపిల్లలను ఉచితంగా పోసింది. పిల్లలు ఉచితంగా రావచ్చు, అప్పు ఉన్నంతకాలం ధర మాత్రం దళారిదే.

మేం అడగదలచుకున్నది ఇంకొకటుంది. తూము తెరిచి మూసి, వానల్లో కట్టకు గండి పడకుండా రాత్రంతా కావలి కాసిన నీరడి ఈ ఊర్లలో ఎక్కువగా మాల, లేదంటే మాదిగ. అతనికి పంట మీద మేర ఉండేది. చేప మీద హక్కుగా వాటా లేదు, మత్తడి దుంకిన నాడు దొరికిన నాలుగు పరకలు తప్ప. సహకార సంఘాలు వచ్చినా సభ్యత్వం ప్రధానంగా చేపల కులాల చుట్టే తిరిగింది. చెరువు ఎండితే శిఖం దున్నుకున్నది భూమిగలవాళ్లు.

దీన్ని గంగపుత్రుల మీదనో, ముదిరాజుల మీదనో ఫిర్యాదుగా చదవొద్దు. వాళ్ల వల కూడా తాకట్టులోనే ఉంది. మత్స్య సంఘం రిజిస్టరు పక్కన నీరడి మేర లెక్కను పెట్టి చదివే పని ఊరూరా మిగిలే ఉంది. ముసలి నీరడులు బతికుండగానే అది జరగాలె.